బోర్డు చూశాకే పలాస

పక్క క్వార్టర్ టీటీ మావయ్యగారు పోయారని వాళ్లబ్బాయి వచ్చి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఫోన్ చేసిన మనిషి కళ్లతో చూశాడా, ఎవరో అంటే విన్నాడా అని గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను. తండ్రి పోయిన కబురు మోసుకొచ్చిన మనిషిని అలా నిలదీయకూడదని నాకూ తెలుసు. ఆ అబ్బాయి ఏమీ అనుకోలేదు. "నేనూ అలగే అడిగినానొదినా. మలంచా బజార్లో ఫోన్ బూతుకి కబురొస్తే, మా సిన్నాన్నని పిలిపించి ఆయన నోటితో సెప్పించుకున్నాను" అన్నాడు. పలాస దగ్గర వాళ్ల సొంతూళ్లో, తమ్ముడి ఇంట్లో, పొద్దున్నే టీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్లిపోయారట. కబురు విన్న ఆ పూట మేమిద్దరం ఏడవడానికి ముందు ఆరా తీశాం. ఆ అలవాటు మా రెండిళ్లకూ ఆయన పెట్టిందే.

మీలో ఖరగ్‌పూర్లో నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల వైపు పెరిగినవాళ్లుంటే ఆయన్ని చూసే ఉంటారు. ఉద్యోగమంతా రైళ్లలో టికెట్లు చూస్తూ గడిపి, రిటైరై, వర్క్‌షాపులో పనిచేసే కొడుకు దగ్గరికి చేరారు. నల్లకోటు పెట్టెలోకి వెళ్లిందిగానీ ఆ చూపు మాత్రం అలాగే ఉండిపోయింది. గోల్‌బజార్లో చేప కొంటే మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి, వాసన పట్టి, చివరికి చేపలమ్మే దాదా మొహం కూడా ఒకసారి పరీక్షగా చూసి, అప్పుడు బేరం మొదలుపెట్టేవారు. పాలవాడు వస్తే గోటి మీద చుక్క వేయించుకునేవారు. మా ఇంట్లో టీ ఇస్తే ముందు వాసన చూడందే గుటక వేసేవారు కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. ఈయనకి నేను విషం పెడతానా ఏమిటి?

ఆయనకి లోకం మీద అనుమానమైతే, నాకు ఆయన మీద అనుమానం. మా ఆయన రైల్వే ఆఫీసులో గుమస్తా. మా ఇంటికి తెలుగు పేపరు రైల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. అది చదవడానికని మావయ్యగారు సాయంత్రం పూట మా వరండాలోకి వచ్చి కూర్చునేవారు. పేపరు ఒక వంక మాత్రమేనని, అసలు మా ఇంటి గుట్టు కనిపెట్టడానికే వస్తున్నారని నాకు గట్టిగా అనిపించేది. పేపరు చదివే మనిషి కళ్లు పేపరు మీద ఉండాలి కదా. ఆయనవి మా పాప మీద ఉండేవి.

ఇది ఎనభైల మొదట్లో మాట. పాప అప్పుడు ఒకటో తరగతి. వాళ్ల తెలుగు బడిలో దానంత గలగలా చదివే పిల్ల లేదని పేరు. వాచకం తెరిస్తే ఎక్కడా ఆగేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా నేనే పుస్తకం చేతికిచ్చి చదివించేదాన్ని. ఒకరోజు ఆయన ముందు కూడా చదివించాను. పాప పేజీ అంతా ఒక్క గుక్కలో చదివేసింది. శభాష్ అంటారని చూశాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, పాపని దగ్గరికి పిలిచి, పేజీ మీది ఆవు బొమ్మని అరచేత్తో మూసేసి, కింది వరుస ఒక్కటే చదవమన్నారు. పాప పైనుంచి మొదలుపెట్టింది. అది కాదమ్మా, కిందది, అన్నారు. పాప మళ్లీ పైనుంచే అందుకుంది. ఆయన ఈసారి రెండు కాగితాలు కలిపి తిప్పేశారు. పాప, కళ్లముందు లేని పేజీని, అక్షరం పొల్లు పోకుండా చదివేసింది.

"ఏటనుకోకమ్మా. గుంట సదవటం లేదు, అప్పజెప్తంది" అన్నారు నాతో.

ఏమనుకోకుండా ఎలా ఉంటాను? పిల్ల కొత్తమనిషి ముందు బెదిరిందన్నాను. రోజూ చూసే మనిషి కొత్తమనిషి ఎలా అవుతాడని ఆయన అడగలేదు. అడిగితే ఆ రోజు నా నోట్లోంచి ఏం వచ్చేదో. వాళ్ల మనవడు కూడా పాప ఈడువాడే, వాడింకా గుణింతాల దగ్గరే కొట్టుకుంటున్నాడు. ఇది కడుపుమంట తప్ప మరొకటి కాదని తేల్చేసుకున్నాను. ఆయన లేచి చెప్పులేసుకుంటూ ఇంకో మాట కూడా అన్నారు. "టికెట్ లేనోడెప్పుడూ గబగబా మాటాడతాడమ్మా. ఉన్నోడు జేబులెతుక్కుంటాడు. ఈ గుంట ఒక్కపాలి కూడా ఎతుక్కోలేదు."

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి చెప్తే ఆయనకీ పౌరుషం వచ్చింది. ఆయన దగ్గర పెద్ద ఆధారమే ఉంది. ఏటా వేసవిలో పాసు మీద విజయనగరం వెళ్తాం. పాప మూడో ఏటి నుంచీ దాన్ని కిటికీ దగ్గర ఎత్తుకుని, బండి ఆగిన ప్రతిచోటా స్టేషన్ పేరు చెప్పించేవారు. కిందటి వేసవికి చెప్పించే పని కూడా లేకపోయింది. బండి ఆగడం, ఇది బోర్డు చూసి పేరు చదవడం, పెట్టెలోని వాళ్లంతా బుగ్గలు పుణకడం. మర్నాడు సాయంత్రం మావయ్యగారు వరండాలో కూర్చోగానే మా ఆయన ఈ సంగతి తీశారు. వాచకం కంఠస్థమే అనుకుందాం, స్టేషన్ బోర్డులు కూడా కంఠస్థమేనా అన్నారు.

మావయ్యగారు తాపీగా, బాలాసోర్ చదివిందా అని అడిగారు. చదివింది. భద్రక్? చదివింది. కటక్? అదీ చదివింది. "మరి ఆ బోర్డుల మీద తెలుగేదీ బాబూ?"

ఆ బోర్డుల మీద ఒరియా ఉంటుంది, హిందీ ఉంటుంది, ఇంగ్లీషు ఉంటుంది. తెలుగు ఇచ్ఛాపురం వచ్చేదాకా కనిపించదు. మా ఊళ్లో ఒక్కో గోడ మీద నాలుగు భాషలు కలిసి కాపురం చేస్తాయి, ఏది చూసి ఏది చదివిందో ఎవరు పట్టించుకుంటారు? అక్కడ ఇంగ్లీషు చదివి ఉంటుందిలెండి అన్నారు మా ఆయన చివరికి. పాపకి ఇంగ్లీషు అక్షరాలు అప్పటికి జి దాకా వచ్చు. నేను లోపలికి వెళ్లి టీ పెట్టాను. ఆయన వాసన చూసి తాగారు.

ఇదంతా పెద్దవాళ్ల పంతంగానే పోయేదేమోగానీ, సరిగ్గా అప్పుడే బళ్లో పెద్ద టీచరుగారు పాపకి డబుల్ ప్రమోషన్ ఇస్తామన్నారు. వేసవి సెలవులయ్యాక రెండో తరగతి వదిలేసి నేరుగా మూడులో కూర్చోబెడతారట. ఇష్టమో కాదో బడి తెరిచేలోగా చెప్పమన్నారు. ఇష్టం కాకపోవడం ఏమిటి? గోల్‌బజార్లో మిఠాయి కొని వీధంతా పంచాను. ఆయనకీ ఇచ్చాను, కాస్త ఎక్కువే పెట్టి. ఆయన తీసుకున్నారు, తినలేదు. మూడో తరగతిలో లెక్క కూడా చదివే చెయ్యాలి, శాస్త్రం కూడా చదివే నేర్చుకోవాలి, అక్కడ అప్పజెప్పడానికేమీ ఉండదమ్మా అని మాత్రం అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఈయన మాట మీద కోపం, పిల్ల మీద కొత్తగా పుట్టిన అనుమానం, రెండూ ఒకేసారి. పొద్దున లేచి దొంగచాటుగా పాప వాచకంలో బొమ్మ మూసి చూద్దామనుకున్నాను. చూడలేదు. భయమేసింది.

ఆ వేసవి మావయ్యగారూ మేమూ ఒకే బండిలో బయలుదేరాం. ఆయన తమ్ముడి ఇంటికి, పలాస దాకా. పొద్దున్నే ఖరగ్‌పూర్లో ఎక్కినప్పటి నుంచీ మా ఆయన పాపని ఎత్తుకుని కిటికీ వదల్లేదు. బాలాసోర్, భద్రక్, కటక్, ఖుర్దా రోడ్, బరంపురం, ఒక్కటీ తప్పలేదు. ఇచ్ఛాపురంలో, సోంపేటలో బోర్డు మీద గుండ్రంగా తెలుగు కనిపించింది, పాప గట్టిగా చదివింది. మా ఆయన మావయ్యగారి వైపు చూశారు. ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తున్నారు.

సోంపేట దాటాక సిగ్నల్ ఇవ్వక బండి ఒక చిన్న స్టేషన్లో ఆగిపోయింది. మా బండి ఎప్పుడూ అక్కడ ఆగదు. పసుపుపచ్చ బోర్డు సరిగ్గా మా కిటికీ ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉంది. పాప తండ్రి చంక మీంచి ముందుకు వంగి, ఎప్పటిలాగే గలగలా చదివింది.

"పలాస!"

పై బెర్తు మీది ముసలమ్మ మూట దించుకోవడం మొదలుపెట్టింది. పలాసలో దిగవలసిన మావయ్యగారు మాత్రం కదల్లేదు. బోర్డు మీద మందస రోడ్ అని ఉంది. నేను చూశాను, మా ఆయన చూశారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మావయ్యగారు లేచి వచ్చి పాప పక్కన నిలబడి, చాలా మెల్లగా, మాకు తప్ప ఎవరికీ వినపడనట్టు, "ఏదమ్మా, ప ఎక్కడుందో వేలెట్టి సూపించు" అన్నారు. పాప వేలు బోర్డు మీదికి వెళ్లింది, ఒక అక్షరం దగ్గర ఆగింది, ఇంకోదాని దగ్గరికి పోయింది, తర్వాత తండ్రి భుజంలో మొహం దాచేసుకుంది. అది బోర్డు చదవడం లేదు. సోంపేట తర్వాత బండి ఎక్కడ ఆగుతుందో దానికి తెలుసు, అంతే. రైల్వే వాళ్ల పిల్ల కదా, లైను మొత్తం నోటికి వచ్చేసింది.

పలాస వచ్చింది. ఆయన సంచీ తీసుకుని దిగి, కిటికీ దగ్గరికి వచ్చారు. వెక్కిరిస్తారని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఆయన మొహంలో అదేమీ లేదు.

"గుంట తప్పేటీ లేదమ్మా. మనం సప్పట్లు కొట్టినాం, అది పరుగెట్టింది. మూడులో మాత్రం ఎక్కించీకండి. టికెట్ లేకండా ఎక్కినోడికి దారంతా బయమే. కిటికీలోంచి కూడా సూడలేడు."

విజయనగరంలో ఉన్నన్నాళ్లూ మేం ఆ మాట ఎత్తలేదు. తిరిగి రాగానే మా ఆయనే బడికి వెళ్లి డబుల్ ప్రమోషన్ వద్దని చెప్పి వచ్చారు. వీధిలో మిఠాయి తిన్నవాళ్లంతా ఏమైందని అడిగారు. ఏదో ఒకటి చెప్పాను. పలాస నుంచి వచ్చిన రోజు సాయంత్రమే మావయ్యగారు మామూలుగా పేపరు కోసం వచ్చారు. ఈసారి నేనే పాపని తీసుకెళ్లి ఆయన పక్కన కూర్చోబెట్టాను. ఆయన నన్నూ కూర్చోమన్నారు. నేర్పాల్సింది తను కాదనీ, నేర్పుతున్నవాళ్లని కనిపెట్టుకుని ఉండడమే తన పననీ అన్నారు. ఆ మాటకి మళ్లీ నాకు కాలింది.

ఆయన పద్ధతిలో గొప్ప రహస్యమేమీ లేదు, అంతా అనుమానమే. పాప ఏది చదివినా వేలు అక్షరం కింద ఉండాలి. వేలే టికెట్టు. వేలు ఒకచోట, నోరు ఒకచోట ఉంటే బండి దించేస్తానని బెదిరించేవారు, పాప కిసుక్కున నవ్వేది. పేజీ ఎప్పుడూ మొదటి నుంచి చదివించేవారు కాదు. పెట్టెలోకి ఎక్కిన టీటీ మొదటి సీటు నుంచి చూసుకుంటూ వస్తాడని తెలిస్తే టికెట్ లేనివాడు చివర కూర్చుంటాడట, అందుకని మధ్యలోంచి మొదలుపెట్టాలట. ఆయన చదివి వినిపించేటప్పుడు కావాలని ఒక మాట తప్పు చదివేవారు, పాప పట్టుకుందో లేదో ఓరకంట చూసేవారు. నాకు అప్పజెప్పిన పని ఒక్కటే. రోజూ పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక కథ చదవాలి, చదివాక ఒక్క ప్రశ్న కూడా వెయ్యకూడదు. పరీక్ష పెట్టేవాళ్లు వేరే ఉండాలి, కథ చెప్పేవాళ్లు వేరే ఉండాలి అనేవారు. కథ మీద ఆశ పుడితే టికెట్ తనే కొనుక్కుంటుందట.

వంటింటి డబ్బాలకి చీటీలు రాసి అంటించమన్నారు. ఉప్పు, పప్పు, పంచదార, రవ్వ. పాప డబ్బాల చోటు బట్టి చెప్పేస్తుందని అనుమానం వచ్చి, ఒక మధ్యాహ్నం నేను నిద్రపోతుండగా డబ్బాల వరస అంతా మార్చేశారు. సాయంత్రం నేను అలవాటు ప్రకారం చెయ్యి చాపి టీలో ఉప్పు పోశాను. నా మీద అప్పటికి కాస్త నమ్మకం కుదిరిందో ఏమో, ఆయన మొదటిసారి వాసన చూడకుండా తాగారు. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, "అమ్మా, నువ్వు కూడా బోర్డు సూడకుండా దిగిపోయినావు" అన్నారు. ఆ రోజు నుంచి మళ్లీ వాసన చూడడం మొదలుపెట్టారు, ఇక మానలేదు.

వానలు పడే రోజుల్లో పాప చదువు మరీ అధ్వానమైపోయింది. గలగలా చదివే పిల్ల ఒక్కో మాట దగ్గర ఆగడం, వెనక్కి పోవడం, పెదాలు కదిపి కదిపి వదిలేయడం. ఉన్నది కూడా పోయిందని నేను ఏడ్చాను. ఈయన చేతుల్లో పెట్టి పిల్లని పాడుచేసుకున్నానని పైకే అన్నాను. ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. "ఎతుక్కుంటందమ్మా. ఎతుక్కుంటందంటే జేబులో ఉన్నట్టే" అన్నారు.

తర్వాత ఒక సాయంత్రం ఆయన గోల్‌బజార్లో మనవాళ్ల కొట్టు నుంచి వేరుసెనక్కాయల పొట్లం తెచ్చారు. కాయలన్నీ అయిపోయాక పాప ఆ చిరిగిన తెలుగు కాగితాన్ని ఒళ్లో సాపు చేసుకుంది. ఎవరూ చదవమనలేదు. వేలు పెట్టుకుని, ఆగి ఆగి చదివింది. దూడ... కాలువలో... పడిపోగా... ఊరివారందరూ... తా... తాళ్లు తెచ్చి. అక్కడితో కాగితం చిరిగిపోయింది. తలెత్తి, తర్వాత ఏమైంది తాతా, దూడని పైకి లాగారా అని అడిగింది. ఆయన కాగితం తీసుకుని తిప్పి చూశారు. వెనక సబ్బు ప్రకటన ఉంది. కాగితం వైపు చూశారు, పాప వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. నేనే ముందుగా నేర్పి, ఆ కాగితం ఆ పొట్లంలోకి చేర్పించానేమోనన్న చూపు అది. పొట్లం ఆయనే తెచ్చారు. అయినా సరే అనుమానం! అప్పుడు ఆయన కళ్లు తుడుచుకుని, కాగితం మడిచి పాప చేతికిస్తూ, "ఊఁ. టికెట్టుంది" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆ కొట్టుకి వెళ్లి పాత కాగితాల బొత్తి అంతా వెతికారు, మిగతా ముక్క కోసం. దొరకలేదు. కొట్టువాడు దాచాడేమోనని కూడా అన్నారు. దూడ సంగతి మాకు ఇప్పటికీ తెలియదు.

పాప పెద్దదై కాలేజీలో చేరేనాటికి ఆయన కళ్లకి పొరలు కమ్మేశాయి. ఆపరేషన్ చేయించుకుందామంటే డాక్టరు మీద అనుమానం. సాయంత్రం పేపరు చదివి వినిపించే పని పాపది అయింది. పెద్దాయనకి ఎందుకులే అని చావు కబుర్లు వదిలేసి చదివేది. కొన్నాళ్లకి ఆయన, "ఏటమ్మా, ఈ మద్దిన ఎవులూ సావటం లేదా?" అని అడిగారు. అప్పటి నుంచి అవీ చదివింది. ఆయనకి కనపడకపోయినా ఆయన వేలు పేపరు అంచు పట్టుకుని కిందికి జరుగుతూ ఉండేది. కిందటి నెల ఊరికి బయలుదేరే ముందురోజు, పేపరు అయిపోయాక, ఆ దూడ బతికిందంటావా అని అడిగారు. బతికింది తాతా అంది పాప. "ఏ పేపర్లో పడింది?" అన్నారు. అదే మేం విన్న ఆఖరి మాట.

పెద్దకర్మకి ముగ్గురం బయలుదేరాం. పాప దారంతా కిటికీ దగ్గరే కూర్చుంది, ఎక్కడా ఒక్క పేరు పలకలేదు. మా ఆయనకీ నాకూ పలకరించే ధైర్యం లేకపోయింది. సోంపేట దాటి, మందస రోడ్‌లో ఆగకుండా బండి పోయి, పొద్దు వాలేవేళకి నెమ్మదించింది. పలాస వచ్చేసింది, సంచీలు తియ్యండి అన్నారు మా ఆయన. చుట్టూ జనం దిగడానికి తోసుకుంటున్నారు. పాప తలుపు దగ్గరికి వెళ్లి, దిగకుండా నిలబడింది. వెనక ఎవరో విసుక్కున్నారు. నేను తొందరపెట్టబోయి ఊరుకున్నాను. బోర్డు కాస్త దూరంగా ఉంది, వెలుతురు తగ్గిపోయింది. అది ఒక చేత్తో కమ్మీ పట్టుకుని బయటికి వంగి, రెండో చెయ్యి చాపి, గాల్లో ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ మెల్లగా చదివింది. చివరి అక్షరం దగ్గర వేలు కాసేపు అలాగే ఉంచింది. తర్వాత నా వైపు తిరిగి, "పలాసేనమ్మా" అని, అప్పుడు కిందికి దిగింది.